పై గెడ్డ అడిగిన మా మేడం

మా మేడం పోయారన్న కబురు నాకు కశింకోట బడిలో, ఎనిమిదో తరగతి పిల్లలకి బోర్డు మీద జీర్ణకోశం బొమ్మ గీస్తుండగా వచ్చింది. హెడ్మాస్టారు వచ్చి గుమ్మంలో నిలబడ్డారు. ఆయన గుమ్మంలో ఆగే మనిషి కాదు, లోపలికొచ్చి పిల్లల్ని రెండు కేకలేస్తే గానీ ఆయనకి తోచదు. "అనకాపల్లి నుంచి మీ మేడంగారమ్మాయి ఫోను చేసేరమ్మా. తెల్లారగట్ట గుండె ఆగిపోయిందట," అన్నారు మెల్లగా. అప్పుడు నేను అడిగిన మాట తలుచుకుంటే నాకే వింతగా ఉంటుంది. "కొండ మీద వాన పడిందాండీ?" అని అడిగాను. పాపం ఆయనకేం అర్థమవుతుంది!

ఈ ఏడు వానలు బాగా ఆలస్యమయ్యాయి. తొలకరి పడగానే ఇద్దరం కొండకి వెళ్ళాలనుకున్నాం. ఆవిడ పైకి ఎక్కలేరు, రోడ్డు మీద ఆటోలో కూర్చుంటారు, నేను ఎక్కి విని దిగి వచ్చి చెప్పాలి. అదీ ఒప్పందం. ఆవిడ రోజూ సాయంత్రం ఫోను చేసి "మబ్బేమైనా పట్టిందా?" అని అడిగేవారు, అనకాపల్లిలో లేని మబ్బు కశింకోటలో ఉంటుందన్నట్టు. మబ్బు పట్టలేదు. ఆవిడ ఆగలేదు.

మీలో చాలామందికి ఆవిడ తెలియకపోవచ్చు. అనకాపల్లి కాలేజీలో చాలా ఏళ్ళు జువాలజీ చెప్పారు. పుట్టింది చీడికాడ దగ్గర పల్లెలో, తండ్రి అక్కడి చర్చిలో ఉపదేశి. క్లాసులో ఆవిడ మాట అచ్చుపుస్తకంలా ఉండేది. కొండ మొదట్లో ఆటో దిగారా, అంతే, "ఏటే పిల్లా, ఇంకా నిలబడ్డావేటి, నడు" అని పుట్టిల్లు బయటపడేది. చీర కుచ్చెళ్ళు కాస్త ఎత్తి కట్టి, కింద కాన్వాసు బూట్లు వేసేవారు. ఆదివారం ప్రార్థన అయ్యాక ఆ బూట్లతోనే చర్చి ముందు షేర్ ఆటో ఎక్కడం చూసి పాస్టరుగారు ఊరుకునేవారు గానీ, పాస్టరుగారి భార్య ఊరుకునేవారు కాదు.

నన్ను పరిశోధనలోకి లాగింది ఆవిడే. మాది బెల్లం వ్యాపారం చేసే ఇల్లు. మా ఇంట్లో ఆడపిల్ల ఎమ్మెస్సీ చదవడమే ఎక్కువ, కప్పల వెనకాల కొండలెక్కడం ఇంకానా! మేడంకి ఒక చిన్న పరిశోధన పథకం వచ్చింది, సహాయకురాలిగా నన్ను పెట్టుకున్నారు. అప్పటికి నాకు పెళ్ళయి ఏడాది కాలేదు. మొదటిరోజే కొండ దగ్గర ఆవిడ చెప్పిన మొదటి పాఠం, "గాజులు తియ్యి." చెవి పెట్టి వినే పనిలో గాజుల గలగల పనికిరాదు, నిజమే. నేను తీసి కొంగుకి ముడేసుకున్నాను. సాయంత్రం ఇంటికొచ్చి మర్చిపోయి ఆ చేతులతోనే మా అత్తగారికి మంచినీళ్ళిచ్చాను.

"గాజులు తీసి కొండెక్కేవేటే? మా వాడు బతికుండగానే?" అని మా అత్తగారు వీధి వినేలా అరిచారు. మర్నాటి నుంచి నా చదువు, నా పరిశోధన, అన్నీ బందు అన్నారు. కబురు తెలిసి మేడం మా ఇంటికి వచ్చారు. వాదించలేదు. మా అత్తగారి ముందు కూర్చుని, ఆవిడిచ్చిన మంచినీళ్ళు తాగి, పాత చీర అంచు చించి, తడిపి, నా గాజుల చుట్టూ మెత్తగా చుట్టి చూపించారు. "చూడండమ్మా. గాజులు చేతికే ఉన్నాయి, చప్పుడు లేదు. తప్పు నాదే, ఆలోచించకుండా చెప్పాను," అన్నారు. అప్పటి నుంచి మా బృందంలో ఎవరు చేరినా తడిగుడ్డ కట్టుకునే కొండెక్కేవాళ్ళు. ఇంకో నియమం కూడా ఉండేది. వానలో గొడుగు వెయ్యకూడదు. గొడుగు మీద చినుకు చప్పుడు కప్ప చప్పుణ్ణి మింగేస్తుందని. అంచేత ప్రతి తొలకరికీ మా ఇంట్లో నాకు జలుబు, మా అత్తగారి సణుగుడు, రెండూ ఒకేసారి వచ్చేవి.

మేం విన్నది బొటనవేలి గోరంత కప్ప. మా వైపు కొండవాగుని గెడ్డ అంటాం. చీడికాడ దాటి వెళ్తే వచ్చే ఒక గెడ్డలో తడిరాళ్ళ సందుల్లో ఉండేది. మునిమాపువేళ, తొలివానల్లో, చేతిగడియారానికి కీ ఇచ్చినట్టు సన్నగా అరిచేది. చూడ్డం కష్టం, వింటేనే తెలుస్తుంది. గెడ్డ కిందభాగంలో గుండం, అంటే లోతైన మడుగు. దాని మీద రాతిమెట్లు, మెట్ల మీద పై గెడ్డ. పై గెడ్డలో అప్పట్లో ఏమీ లేదు, ఎప్పుడో పోడు కొట్టి వదిలేసిన పొదలు తప్ప.

"అడవి నరికితే ప్రాణి పక్కకి జరుగుతుంది. ఎండ ముదిరితే పైకి జరుగుతుంది. పక్కకీ చోటు లేక, పైకీ చోటు లేకపోతే?" అని క్లాసులో అడిగి, జవాబు చెప్పకుండా గంట కొట్టేదాకా మా మొహాలు చూస్తూ నిలబడేవారు. ఆవిడ పరిశోధనంతా ఆ ప్రశ్నే. ఏటేటా అదే గెడ్డ, అవే నెలలు, అవే రాళ్ళు. నీళ్ళలో థర్మామీటరు ముంచడం, చెవులొగ్గి కూర్చోవడం. నేను ఎప్పుడైనా "ఇక్కడ లేవు మేడం" అంటే మండిపడేవారు. "వినపడలేదని రాయి. లేవని రాయడానికి నువ్వెవరు?" అనేవారు.

కొన్నేళ్ళకి ఆ కొండ మీద నల్లరాయి క్వారీకి ఎవరో దరఖాస్తు పెట్టారు. రోడ్లు వెడల్పు చేస్తున్న రోజులు, రాయికి గిరాకీ. మేడం తిరగని ఆఫీసు లేదు. కొండ మొత్తం వదిలెయ్యాలని అర్జీల మీద అర్జీలు పెట్టారు. మెట్లెక్కి దిగి, బల్లల మీద కూర్చుని, "రేపు రండి" వినీ వినీ రెండు వేసవులు గడిచాయి. చివరికి ఒక అధికారి స్వయంగా చూస్తానని వచ్చాడు. ఆ రోజు గుండం గట్టున అందరం ఉన్నాం. అధికారి, క్వారీ కాంట్రాక్టరు, కొండ కింది ఊరివాళ్ళు, మేమిద్దరం. ఊరివాళ్ళ తరఫున మాట్లాడింది ఒక తాత. ఆవులు కాసుకునే మనిషి, మేడంని చిన్నప్పటి నుంచీ ఎరిగినవాడు.

అధికారి చెడ్డవాడేమీ కాదు. అలిసిపోయిన మనిషి. "మేడం, మొత్తం ఆపమంటే నా వల్ల కాదు, పైవాళ్ళు ఒప్పుకోరు. కిందిభాగమా, పైభాగమా, ఏదో ఒకటి చెప్పండి. ఇవాళే రాసుకుని పోతాను. రేపటికి ఇదీ ఉండదు," అన్నాడు.

నాకు ఆలోచించే అవసరమే కనపడలేదు. కప్పలున్నది కింద. నీళ్ళున్నది కింద. చల్లటి చెట్లున్నది కింద. ఊరి ఆవులు తాగేది కింద. ఇంక అడగాల్సిందేముంది?

మేడం బూట్లు విప్పి గుండంలోకి దిగారు. థర్మామీటరు ముంచి, ఎత్తి చూసి, మళ్ళీ ముంచారు. గట్టెక్కి వచ్చి, "పై గెడ్డ వదిలెయ్యండి," అన్నారు. "మెట్ల దగ్గర్నుంచి కొండ నెత్తి దాకా. ఈ గుండం నుంచి మెట్ల దాకా కూడా గెడ్డకి అటూ ఇటూ ఎడ్లబండి పట్టేంత మేర చెట్టు కొట్టకూడదు, రాయి పగలకూడదు. అది కాయితం మీద రాయండి."

"మీ కప్ప కిందే కదండీ ఉంది?" అన్నాడు అధికారి.

"ఇప్పుడు కిందే ఉంది. నేనిక్కడికి వచ్చిన కొత్తలో గుండం గట్టునే అరిచేవి. ఇప్పుడు గట్టున ఒక్కటీ వినపడటం లేదు, మెట్లెక్కేశాయి. నీళ్ళు వేడెక్కుతున్నాయి, ముందే ఎండుతున్నాయి. మీ క్వారీ రాకపోయినా దానికి గుండం కొన్నాళ్ళ ముచ్చటే. అది రేపు వెళ్ళాల్సిన చోటు మీరిచ్చేస్తే, ఇవాళ ఉన్న చోటు ఉంచి ఏం లాభం?"

కాంట్రాక్టరు నవ్వాడు. రోడ్డుకి దగ్గరగా, సులువుగా తవ్వే భాగం వాడి చేతికొచ్చింది మరి. ఆ నవ్వు చూసి నాకు ఒళ్ళు మండిపోయింది. తాత మాత్రం నవ్వలేదు. ముందుకొచ్చి మేడం ఎదురుగా నిలబడ్డాడు.

"అమ్మగోరూ, గుండం మాదమ్మా. మా ఆవులు తాగుతాయి, మేం తాగుతాం. దీన్నొగ్గీసి పైన ఏటుందని అడిగేవు? పైన ముళ్ళకంప తప్ప ఏటున్నాది?"

"తెలుసు బాబాయ్," అన్నారు మేడం. ఆవిడ పాదాల నుంచి ఇంకా నీళ్ళు కారుతున్నాయి.

తిరుగుదారిలో ఆటోలో నేను ఊరుకోలేదు. నోటికొచ్చిందల్లా అన్నాను. ఇన్నేళ్ళ కష్టం ఆ కాంట్రాక్టరు చేతిలో పెట్టారన్నాను. పైకి కప్ప వెళ్తుందని ఎవరు చెప్పారన్నాను. వెళ్ళకపోతేనో, దారిలోనే చచ్చిపోతేనో అన్నాను. ఆవిడ చాలాసేపు చెరుకుతోటల కేసి చూస్తూ కూర్చున్నారు.

"నాకూ తెల్దే పిల్లా," అన్నారు చివరికి. "వెళ్తాదో వెళ్ళదో. తప్పయితే ఆ తప్పు నాతోనే పోతాది. రెండూ ఉంచుతామని ఎవరన్నా అంటే ఎంత బాగుణ్ణో, ఎవరూ అన్లేదు కదా." నా కోపం మాత్రం పోలేదు.

క్వారీ మొదలైంది. ఊళ్ళో మాట కూడా మొదలైంది. కావాలనే రోడ్డు పక్క భాగం వదిలేసిందని, కాంట్రాక్టరుతో కుమ్మక్కయిందని. కాలేజీ స్టాఫ్ రూంలో ఆవిడ లోపలికొస్తే మాటలు ఆగిపోయేవి. మా ఇంట్లో కూడా ఎవరో అన్నారు. అప్పుడు మా అత్తగారు, గాజుల గొడవ పెట్టిన మా అత్తగారే, "నా ముందు ఆ మాటనకండి, ఆవిడ నా చేతి మంచినీళ్ళు తాగిన మనిషి," అని కసిరారు. ఇది చెప్పినప్పుడు మేడం కళ్ళు తుడుచుకున్నారు.

ఊరికి బోరు వేయించడానికి మేడం మళ్ళీ ఆఫీసుల చుట్టూ తిరిగారు, ఆఖరికి వేయించారు. తాత మాత్రం కరగలేదు. మేం వెళ్తే మంచినీళ్ళిచ్చేవాడు, పక్కన కూర్చునేవాడు కాదు. "బోరునీళ్ళు ఆవులు తాగుతాయమ్మా, కాదన్ను. మా అయ్య నాకు ఈత నేర్పింది గుండంలోనమ్మా," అన్నాడోసారి. మేడం తలవంచుకుని విన్నారు. ప్రతి ఏడూ ముందు తాత గుమ్మం దగ్గర ఆగి, ఆ మాటలు పడి, ఆ తర్వాతే కొండెక్కేవారు. తప్పించుకుని వేరే దారిన వెళ్దామంటే ఒప్పుకునేవారు కాదు.

గుండం దుమ్ముతో పూడిపోయింది. అయితే గెడ్డకి అటూ ఇటూ వదిలిన పట్టీ మాత్రం ఉంది. దాని కోసం ఆవిడ కాంట్రాక్టరు మనుషులతో ఎన్నిసార్లు పోట్లాడారో! లారీ తిప్పుకోవడానికి రెండు చెట్లు కొట్టబోతే వెళ్ళి చెట్టుకి ఆనుకుని కూర్చున్నారు. డ్రైవరు "లెగండమ్మా" అని బతిమాలితే, "నువ్వు లారీ ఎనక్కి తిప్పుకో నాయనా, నేనిక్కడ టిఫిన్ తింటాను," అని డబ్బా తీశారు. లారీ వెనక్కి వెళ్ళింది. ఆ పట్టీలో, మెట్ల దగ్గర, కప్పలు ఇంకా అరుస్తూనే ఉండేవి. పై గెడ్డలో పోడు ఆగాక మొక్కలు లేచాయి, చెట్లయ్యాయి, నీడ చిక్కబడింది, రాళ్ళ మీద నాచు కట్టింది. కప్ప మాత్రం రాలేదు. ప్రతి తొలకరికీ వెళ్ళడం, వినడం, వినపడలేదని రాయడం. ఏడాదికేడాది ఆవిడ మొహం బిగుసుకుపోయేది.

ఈ మధ్యలో ఇంకొకటి జరిగింది. మెట్ల దగ్గర నేను రికార్డు చేసిన కేసెట్టు తీసుకుని ఓరోజు ల్యాబుకి వెళ్ళాను. ఆవిడ పిల్లలకి వినిపించాలని టేపురికార్డర్‌లో పెట్టారు. కాసేపు చూసి, "ఇదేమిటి, ఖాళీ కేసెట్టు తెచ్చావా? బటన్ నొక్కలేదా?" అన్నారు నాతో, చిరాగ్గా. గదినిండా కప్ప అరుపు. పిల్లలు ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకున్నారు. ఆవిడ వాళ్ళ మొహాలు చూశారు, నా మొహం చూశారు, తిరుగుతున్న కేసెట్టు కేసి చూశారు. అర్థమైపోయింది. మామూలు మాటలు బాగానే వినపడేవి. ఆ సన్నటి అరుపు ఒక్కటే ఆవిడ చెవిని వదిలేసింది. ఏమీ జరగనట్టే పాఠం పూర్తి చేశారు. పిల్లలు వెళ్ళాక, "ఇంక నీ చెవులే నావి," అన్నారు. అంతే. ఆ రోజు నేను ఇంటికి ఏడుస్తూ వెళ్ళాను.

తర్వాత ఆవిడ రిటైరయ్యారు, నాకు బళ్ళో ఉద్యోగం వచ్చింది. పథకం ఎప్పుడో ముగిసినా మా తొలకరి ప్రయాణం ఆగలేదు. పోయిన ఏడాదే ఆవిడ కొండెక్కిన ఆఖరుసారి. ఊపిరి అందడం లేదు, రెండడుగులకోసారి ఆగుతున్నారు. పై గెడ్డ దగ్గర తడిరాయి మీద కూర్చున్నాం. వాన సన్నగా పడుతోంది. ఆవిడ నా మొహం మీంచి కళ్ళు తిప్పడం లేదు. నా కనుబొమ్మ కదిలినా ఆశగా ముందుకి వంగుతున్నారు. చీకటి పడేదాకా నేను ఊపిరి బిగబట్టి విన్నాను. కీచురాళ్ళు, ఆకుల మీద చినుకులు, అంతే.

"ఉన్నాదా?" అన్నారు.

ఉందని చెప్పాలనిపించింది. ఒక్క మాటకి ఆవిడ ప్రాణం కుదుటపడుతుంది. కింద క్వారీ, తాత గుండం, ఊళ్ళో పడ్డ మాటలు, అన్నిటికీ ఒక్క మాట చాలు. ఆవిడ ఇక వినలేరు, తెలిసే దారి కూడా లేదు.

"వినపడలేదు మేడం," అన్నాను.

ఆవిడ కళ్ళు మూసుకున్నారు. కాసేపటికి నా చెయ్యి పట్టుకుని, "ఉందని అనుంటే నీ మొహం చూసేదాన్ని కాదే," అన్నారు. ఆ చెయ్యి వదలకుండానే కొండ దిగారు. ఈ ఏడూ వెళ్దామని ఆ దారిలోనే మాట తీసుకున్నారు.

ఆవిణ్ణి అనకాపల్లి సమాధుల తోటలో పెట్టిన రోజు కూడా ఎండ మండిపోయింది. తవ్విన మట్టి పొడిపొడిగా ఉంది. కీర్తన పాడుతుంటే గేటు బయట తలపాగా చేత్తో పట్టుకుని తాత కనపడ్డాడు. ఎలా తెలిసిందో, బస్సెక్కి వచ్చాడు. "లోపలికి రా తాతా," అంటే, "సెప్పులిప్పాలో ఒద్దో తెల్దమ్మా, అంచేత ఆగేను," అన్నాడు. లోపలికొచ్చి అందరితోపాటు గుప్పెడు మట్టి వేశాడు. వెళ్ళేముందు నా దగ్గరికొచ్చి, "వాన పడితే నువ్వొత్తావు కదా, ఈపాలి నన్నూ పిలు. ఆవిడ ఏటి ఇనీదో నానూ సూత్తాను," అన్నాడు.

పది రోజులు కాకముందే వాన వచ్చింది. బడి వదలగానే బయల్దేరాను. తాత తన గుమ్మంలోనే కాచుకుని ఉన్నాడు. క్వారీ ఆ పూట ఆగి ఉంది. కింద గుండం ఉన్నచోట ఎర్రటి బురద. తాత అటు చూడకుండా నడిచాడు. పట్టీ వెంట మెట్లెక్కాం. మెట్ల దగ్గర నాకు ఒక్క అరుపూ వినపడలేదు. అక్కడ కూడా పోయాయా? అయితే ఆవిడ అడిగిందంతా వృథాయేనా? తాతకి ఏం చెప్పను? అయినా పైకి ఎక్కాను. పై గెడ్డలో చెట్ల కింద అప్పుడే చీకటి అలుముకుంటోంది, రాళ్ళ మీంచి నీళ్ళు పలచగా జారుతున్నాయి. ఇద్దరం కూర్చున్నాం. వాన కాస్త తెరిపిచ్చింది.

టిక్, టిక్, టిక్.

నా పక్కనే, మోకాలి ఎత్తున్న రాతి సందులోంచి. నేను కదల్లేదు. నా మనసు ఆడించిన నాటకమేమో అనుకున్నాను. మళ్ళీ వచ్చింది. గెడ్డకి అవతలి నుంచి ఇంకోటి జవాబు చెప్పింది. ఇంకొంచెం పైనుంచి మూడోది. నాకు ఏడుపు ఆగలేదు, చీర చెంగు నోట్లో కుక్కుకున్నాను.

"అదేనేటమ్మా?" అన్నాడు తాత గుసగుసగా.

తలూపాను. తాత వంగి రాతి సందులోకి చూశాడు. అంత సులువుగా కనపడేది కాదది. కనపడిందేమో, చటుక్కున వెనక్కి జరిగి కూర్చున్నాడు. వాన నీళ్ళు ఆయన గడ్డం మీంచి కారుతున్నాయి.

"ఇంత సిన్నదా! దీనికోసవేనా మా గుండం ఇచ్చీసింది?"

ఇన్నేళ్ళ కోపమూ ఆ మాటలో ఉంది. ఆవిడ ఉంటే తలవంచుకుని వినేవారు. ఆవిడ తరఫున నేనైనా ఏదో ఒకటి చెప్పాలి కదా అని, వేడెక్కిన నీళ్ళ గురించి, పైకి వచ్చే దారి గురించి చెప్పబోయాను. తాత చెయ్యెత్తి నన్ను ఆపాడు.

"ఉండమ్మా, మాటాడకు," అన్నాడు. "ఇననీ."